మోతీ ఆగే చోటు

లాల్ బీ గుప్పెడు ఎండుగడ్డిని మెలిపెట్టి తన గుర్రం మోతీ వీపు మీద రుద్దుతూనే ఉంది. రుద్దాల్సింది ఎప్పుడో అయిపోయింది. గోధుమరంగు వీపు తెల్లవారుజాము వెలుతురుకి నిగనిగలాడుతోంది. అయినా చెయ్యి ఆగడం లేదు. మెడ దగ్గర మొదలుపెట్టి, జబ్బ మీదుగా పొట్టకు దిగి, తొడ దాకా పోయి, మళ్ళీ మెడకే వస్తోంది. మోతీకి ఈ మర్యాదలు కొత్తేం కాదు. కళ్ళు సగం మూసి, నానబెట్టిన ఉలవలు నములుతూ, కింది పెదవి వేలాడేసుకుని నిలబడింది. ఎంత పెద్దమనిషి తరహా! దర్గా ఉరుసు పందెం ఈ పూటేనని దానికి తెలియకేం, తెలుసు. తెలిసీ తొణకదు.

లాల్ బీకి నలభై ఎనిమిదేళ్ళు. మనిషి పొట్టి, సన్నం. మణికట్లు మాత్రం దిట్టం. పగ్గాలు ఒరుసుకుని ఒరుసుకుని చిటికెన వేలి పక్కన చర్మం కాయ కట్టింది. మదనపల్లె బస్టాండు దగ్గర జట్కాల వరసలో పగ్గాలు పట్టిన ఆడమనిషి ఆమె ఒక్కతే. ఏటా ఉరుసు పందెంలో గుర్రమెక్కే ఆడమనిషీ ఆమె ఒక్కతే. ఆ ఎక్కడం నిరుటితో సరి. పోయిన చలికాలం నుంచీ కుడి తుంటి పట్టేసి, కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి చూసి, "గుర్రమా, నడకా, రెండింట్లో ఒకటే" అని తేల్చేసింది. ఆ మాట విన్నాక కొన్నాళ్ళు లాల్ బీకి అన్నం సయించలేదు. తరవాత మెల్లగా సమాధానపడింది. కుప్పంలో ఒంటరిగా ఉన్న అక్క కమరున్నీసా, వచ్చి నాతో ఉండమని ఎన్నాళ్ళనుంచో పోరుతోంది. ఈ సాయంత్రం బస్సుకే ప్రయాణం. ట్రంకుపెట్టె సర్ది గడప పక్కన పెట్టేసింది.

పెట్టె సర్దడం ఏం కష్టం! మోతీని, జట్కాని సయీదా చేతిలో పెట్టడంలోనే ఉంది చిక్కంతా. సయీదా ఆమె బావగారి కూతురు, పిన్ని వరసకు చాచీ అని పిలుస్తుంది. మొగుడు పోయి, చంకలో బిడ్డతో వచ్చి, రెండేళ్ళుగా లాల్ బీ పక్కన కూర్చుని బండి తోలడం నేర్చుకుంది. అయితే ఆ స్టాండుకు ఒక కట్టుబాటు ఉంది. ఉరుసు నాడు బండ్లు విప్పేసి, జీను లేకుండా, మడిచిన గోనెపట్టా మీద కూర్చుని గుర్రాలను పరిగెత్తిస్తారు. గెలిచినవాడికి పూలదండ, ఏడాది పొడుగునా గొప్పలు చెప్పుకునే హక్కు. పాతవాళ్ళు ఓడినా అడిగేవాడు లేడు. కొత్తగా వరసలోకి వచ్చేవాళ్ళు మాత్రం కిందపడకుండా, కాలు నేలకు తగలకుండా దర్గా మిట్ట చేరాలి. చేరితేనే స్టాండులో చోటు. లేకపోతే బండి ఉన్నా సవారీలు ఉండవు. సయీదా ఇవాళ మిట్ట చేరకపోతే ఆ తల్లీబిడ్డల కూడు గోవిందా, మోతీ వెంకటగిరికోట సంతకు అమ్మకానికి పోతుంది. అదీ సంగతి.

లాల్ బీ కూడా ఒకప్పుడు అలా చేరినదే. డెబ్బయి రెండో సంవత్సరంలో మొగుడు అలావుద్దీన్ దగ్గుతో తీసుకుని తీసుకుని పోయాడు. మొగుడు పోయినవాళ్ళు ఇల్లు కదలకూడని ఇద్దత్ గడువు దాటగానే ఆమె మోతీ పగ్గాలు పట్టుకుంటే స్టాండంతా గొల్లుమంది. ఆడది కాళ్ళు అటొకటి ఇటొకటి వేసుకుని గుర్రమెక్కడమేమిటని కొందరు మొహాలు తిప్పుకున్నారు. అప్పుడు స్టాండు పెద్ద బాబు సాహెబ్, కుర్రతనంలో బెంగుళూరు రేసుకోర్సులో గుర్రాలు కడిగిన మనిషి, నోట్లోని తాంబూలం ఉమ్మేసి, "పందెం గుర్రాలకు గదప్పా, మీసాలకు కాదు గదా!" అన్నాడు. ఆ ఒక్క మాట ఆమెకు ఇన్నేళ్ళు అన్నం పెట్టింది. నమాజు అయ్యాక దువాలో ఆయన పేరు తలచుకోని రోజు లేదు.

"చాచీ, ఇంగ సాలు. తోలు ఊడొస్తాది దానికి," అంటూ వచ్చింది సయీదా. చీర కింద పైజామా తొడిగి, కొంగు నడుముకు బిగించింది. పొడుగు మనిషి. నవ్వబోయింది గానీ పెదవులు ఎండిపోయి నవ్వు సరిగ్గా రాలేదు.

"ఇనుకో," అంది లాల్ బీ. "బ్యాండు సప్పుడుకు చెవులు ఎనక్కి పెడతాది, నువ్వు బెదరొద్దు. వంతెన కాడ ఎడమకు లాగుతాది, ఆడ నీళ్ళు తాగే అలవాటు. మోకాళ్ళతో గట్టిగా పట్టుకో. కర్ర మాత్రం సూపించొద్దు. కర్రంటే దానికి శానా అవమానం."

"నిన్నట్నుంచి ఇదే సెప్తాండావు. ఇంగేమన్నా మిగిలుండాదా?"

లాల్ బీ కాసేపు గడ్డి చుట్టని గడ్డానికి ఆనించుకుని ఆలోచించింది. "ఏం లేదు. అంతా సెప్పేసినా."

"బాబు సాహెబ్ సెప్పినాడు, బెంగుళూర్లో ఆడపిల్లోళ్ళు గూడా రేసుల్లో గుర్రాలెక్కతాండారంట. తలకు టోపీలంట, కాళ్ళకు బూట్లంట. పేపర్లో ఫోటోలు గూడా ఏస్తాండారంట."

"వాళ్ళకు టోపీ పెట్టేవాళ్ళు ఉండారు, పెట్టుకున్నారు. మీ చాచీ టోపీ లేకుండానే ఎక్కలేదా?" అని లాల్ బీ మూతి తిప్పింది. తిప్పిందే గానీ, ఆ ఊరూ పేరూ తెలియని పిల్లలు చల్లగా ఉండాలని లోపల అనుకుంది.

అలవాటు కొద్దీ జట్కా కింద కొక్కేనికి వేలాడుతున్న పీట తీసి మోతీ పక్కన పెట్టింది. ఆమె పొట్టి అని అలావుద్దీన్ చింతచెక్కతో తనే చేసిన పీట అది. పందేనికి ఆమె దాని మీద కాలు పెట్టే గుర్రమెక్కేది. మిగతా రోజుల్లో ఊరి ఆడవాళ్ళందరిదీ అది. నిండు చూలాళ్ళు, మోకాళ్ళు వంగని ముసలమ్మలు దాని మీద కాలు మోపే జట్కా ఎక్కారు, దిగారు. నర్సు దయామణి అయితే రోజూ పొద్దున ఆ పీట మీదుగానే ఆసుపత్రి గేటు దగ్గర దిగి, మోతీ నోటికి ఇంత బెల్లం ముక్క అందించి లోపలికి పోతుంది.

సయీదా పీట వైపు చూడనైనా లేదు. మెడ మీద జూలు పట్టుకుని ఒక్క ఊపున ఎక్కేసింది. లాల్ బీకి ముచ్చటేసింది. ఏదో వెలితిగానూ అనిపించింది. పీటని తిరిగి కొక్కేనికి తగిలించి, కుంటుకుంటూ దర్గా మిట్టకు బయలుదేరింది.

మిట్ట మీద బాబు సాహెబ్ నులకమంచం వేయించుకుని కూర్చున్నాడు. చూపు తగ్గినా పెద్దరికం తగ్గలేదు. అక్కడి నుంచి చూస్తే ఆసుపత్రి గేటు దాకా రోడ్డు సాఫీగా కనిపిస్తుంది. ఊరవతల పందెం మొదలైన గుర్తుగా టపాకాయ పేలింది. కాసేపటికి దుమ్ము లేచింది. దుమ్ములోంచి ముందుగా చెంగల్రాయుడి నల్లగుర్రం వచ్చింది. సయీదా పందెంలో ఎక్కడానికి వీల్లేదని వారం రోజులుగా స్టాండులో గొంతు చించుకుంటున్నది ఈ చెంగల్రాయుడే. దాని వెనక, దాదాపు పక్కనే, మోతీ.

"వస్తాండాది! బాబు సాహెబ్, మన పిల్ల వస్తాండాది!" లాల్ బీ కేక వేసింది. సయీదా వంగి కూర్చున్న తీరు, మోకాళ్ళు బిగించిన తీరు, అన్నీ తను చెప్పినట్టే ఉన్నాయి. గుర్రాలు ఆసుపత్రి ప్రహరీ దాకా వచ్చేసరికి మోతీ నల్లగుర్రాన్ని ఒక తల దాటింది. ప్రహరీ పొడుగునా రోగులు, వాళ్ళ తాలూకు మనుషులు నిలబడి అరుస్తున్నారు. గేటు దగ్గర తెల్లచీరలో దయామణి కనిపించింది.

దయామణిని చూడగానే లాల్ బీ ఒళ్ళు చల్లబడిపోయింది.

ఆసుపత్రి గేటు దగ్గర మోతీ ఎవరూ చెప్పకుండానే ఆగుతుంది. దిగేవాళ్ళు లేని సవారీ అయితే, గేటు ఇంకా దూరాన ఉండగానే "దిగేవాళ్ళు లేరు, పో" అని చెప్పాలి. చెబితే పోతుంది. పందెం నాడైనా అంతే. ఇన్నేళ్ళుగా లాల్ బీ ఆ మాట అంటూనే ఉంది. అంటున్నానని ఆమెకే తెలియదు. సయీదాకి అన్నీ నేర్పి, ఊపిరి పీల్చడమెలాగో నేర్పనట్టు ఆ ఒక్కటీ నేర్పలేదు. పక్కన కూర్చుని విన్నదే అయినా, అది చాచీ నోటి ఊతపదం అనుకుందేమో పిల్ల!

"యా అల్లా, నా నోరు పడిపోనూ..." అంటూ మిట్ట దిగబోయింది. తుంటి సహకరించలేదు.

అక్కడ గేటు ముందు మోతీ నాలుగు కాళ్ళూ బిగబట్టి దబుక్కున ఆగిపోయింది. సయీదా ముందుకు తూలి గుర్రం మెడ మీది నుంచి జారి, ఒక పక్కకు వేలాడింది. జనం హాహాకారాలు చేశారు. గుర్రాలన్నీ ఆమెను దాటి దూసుకుపోయాయి. లాల్ బీ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆ పిల్ల ఇంకా వేలాడుతూనే ఉంది. జూలు పిడికిట బిగించి, ఒక మడమ వీపు మీద తగిలించి, పాము చెట్టెక్కినట్టు మెల్లగా పైకి పాకుతోంది. మోతీ మాత్రం ఇదేమీ పట్టనట్టు బెల్లం కోసం దయామణి వైపు మూతి చాపింది.

దయామణి రెండు చేతులూ ఊపుతూ ఏదో అరిచింది. మోతీ తలెత్తింది. మళ్ళీ పరుగు అందుకుంది.

అందరికంటే వెనకగా, జనం ఈలల మధ్య, సయీదా మిట్ట చేరింది. మొహమంతా దుమ్ము, కన్నీళ్ళు కలిసి చారలు కట్టాయి. దిగడానికి భయపడి గుర్రం మీదే కూర్చుంది. బాబు సాహెబ్ తల పక్కకి వంచి, "ఈ కళ్ళకు సరిగ్గా ఆనలేదప్పా. పడిందా, లేదా? దగ్గరుండి సూసినోడు సెప్పండి," అన్నాడు.

అందరూ చెంగల్రాయుడి మొహం చూశారు. పూలదండ మెడలో వేసుకుని ఉన్నాడు.

చెంగల్రాయుడు మెడ గోక్కున్నాడు. "పక్కనుంచే పోయినా గదా, బాగా సూసినా. కాలు నేలకు తగల్లేదు. పరిగెత్తే గుర్రం అట్ల నిలబడితే నేనైతే ఎగిరి ఆసుపత్రి లోపల్నే పడుందును, మంచం గూడా ఎతుక్కునే పని లేకుండా!" జనం గొల్లున నవ్వారు. అతను సయీదా వైపు తిరిగి, "రేపట్నుంచి నా ఎనక బండి పెట్టుకో తల్లీ," అన్నాడు.

లాల్ బీ అతనికి రెండు చేతులూ జోడించింది. బాబు సాహెబ్ దగ్గరికి పోయి ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, "పన్నెండేండ్ల నాడు నువ్వు గెల్సినప్పుడు గూడా ఏడవలేదు గదమ్మా, ఇప్పుడు యాల?" అన్నాడు.

ఇంతలో దయామణి రొప్పుతూ మిట్టెక్కి వచ్చింది. లాల్ బీ ఆమె చెయ్యి పట్టుకుని వదలలేదు. "ఆ మాట నీకు ఎట్ల గుర్తొచ్చింది తల్లీ?"

"గుర్తుకు రాకేమమ్మా! మధ్యాహ్నం పూట నువ్వు గేటు దాటిపోతాంటే వార్డు కిటికీ లోంచి రోజూ ఇనపడేదే గదా. దేవునికి స్తోత్రం, సమయానికి నోటికొచ్చింది," అంది దయామణి.

పందెం నాటి సాయంత్రం మొదటి సవారీకి జట్కావాళ్ళు డబ్బు తీసుకోరు. సయీదా మొదటి సవారీ ఒక నిండు చూలాలు. పుంగనూరు నుంచి బస్సు దిగి, నొప్పులు మొదలయ్యాయని ఆసుపత్రికి పోవాలంది. సయీదా పీట తీసి వేసి, చెయ్యి పట్టి ఎక్కించింది. లాల్ బీ మోతీ నుదుటికి నుదురు ఆనించి, "నీ రుణం తీరేది గాదమ్మా," అంది. తరవాత వెనక్కి చూడకుండా పోయి కుప్పం బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుంది.

జట్కా వెళ్ళిన చాలాసేపటికి బస్సు కదిలింది. ఆసుపత్రి ప్రహరీ కనిపించగానే లాల్ బీ నోరు దానంతటదే, "దిగేవాళ్ళు లేరు, పో," అంది. పక్కనున్నామె వింతగా చూసింది. లాల్ బీకి నవ్వొచ్చింది, కళ్ళు చెమ్మగిల్లాయి.

అప్పుడు చూసింది. గేటు ముందు జట్కా లేదు, పీట ఒక్కటే ఉంది. చూలాలిని దించి సయీదా వెళ్ళిపోయింది. పొడుగు కాళ్ళ పిల్లకి పీటతో పనేముంది, తీసి తగిలించుకోవడం మరిచిపోయింది. "ఆపప్పా!" అని కండక్టరును కేకేయబోయి, లాల్ బీ తనలో తనే సర్దుకుని వెనక్కి ఆనుకుంది. తెల్లారితే మోతీ అక్కడ ఎలాగూ ఆగుతుంది. గేటు పక్కన దుమ్ములో, పాదాలు పడీ పడీ నడుమ అరిగిన ఆ చింతచెక్క పీట మీద సాయంత్రపు ఎండ పడుతోంది.