దేశం పుట్టిన ఇస్త్రీ కొట్టు

దేశం పుట్టిన ఆ భవనం గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మొదటి జెండా ఎగిరిన పూట దాని కొస పట్టుకుని నిలబడ్డది సాక్షాత్తూ మా తాత. కాబట్టి అడ్డురాకుండా వినండి.

గోడకు కొట్టిన రాగిరేకు మీద ‘ఈ మహామందిరంలో మహనీయులు స్వతంత్ర దేశాన్ని ప్రకటించారు’ అని రాసి ఉంటుంది. మందిరమూ లేదు, మట్టిగడ్డా లేదు. అది బట్టలుతికి ఇస్త్రీ చేసే కొట్టు. అసలు సభాభవనానికి సైనికులు తాళం వేస్తే, మహనీయులు వానలో తడిసి ముద్దై, తలుపు తెరిచి ఉన్న కొట్టు ఇదొక్కటే కనబడి లోపలికి జొరబడ్డారు. ఆరేసిన లోదుస్తుల కింద తలలు వంచుకుని దేశాన్ని ప్రకటించారు. జెండాకు గుడ్డ లేకపోతే ఎవరిదో దుప్పటి లాగి, నీలిమందుతో గీతలు గీశారు. మర్నాడు ఆ దుప్పటి ఆసామి వచ్చి, “దేశం పుడితే పుట్టింది, నా దుప్పటేదయ్యా?” అని కొట్టువాడి మెడ పట్టుకున్నాడు. ఆ మెడ, ఇప్పుడక్కడ ఇస్త్రీ చేసే నిప్పక్క మామగారిది.

మా తాత సంగతంటారా? ఆ పూట ఆయన ముసుగుతన్ని పడుకున్నాడు. దేశం పుట్టిందని పక్కింటివాళ్ళు లేపి చెబితే, “మగపిల్లాడా, ఆడపిల్లా?” అని అడిగి అటు తిరిగి పడుకున్నాడట.

ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, గద్దెనెక్కినవాళ్ళు ముందు కొట్టు తీసుకున్నారు. తర్వాత బట్టలారేసే పెరడు తీసుకున్నారు. నిప్పక్కకీ ఆమె మొగుడికీ వెనక గది ఒక్కటే మిగిలింది. బల్ల మీద ఇస్త్రీ, బల్ల కింద పడక.

ఏటా ఉత్సవం నాడు ఆ మొదటి జెండాను పుట్టిన చోటే ఇస్త్రీ చేయించి ఎగరేయడం ఆనవాయితీ. ఆ ఏడూ పొద్దున్నే కట్టడాల అధికారి జెండా తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టాక నోరు విప్పాడు.

“చూడమ్మా, ఇది ఇస్త్రీ చేసిచ్చి గది ఖాళీ చెయ్యి. మధ్యాహ్నం మంత్రిగారొచ్చేసరికి ఇక్కడ బొగ్గుముక్క కనబడకూడదు. మీ పొగకి చారిత్రక గోడలు నల్లబడుతున్నాయి.”

“ఆ గోడలకి సున్నం కొట్టింది మా మామే.”

“అదంతా చరిత్రలో లేదు.”

నిప్పక్క ఒంట్లో నెత్తురు గంజిలా కుతకుత ఉడికింది. జెండాను తీసి గంజి బకెట్లో ముంచింది.

“ఏయ్, ఏం చేస్తున్నావ్!”

“పని. ఒప్పుకున్న బట్ట ఇస్త్రీ అయ్యేదాకా గడప దాటదు. బట్ట లోపలుండగా కొట్టు కట్టెయ్యడం మా వృత్తిలో లేదు. గది ఖాళీ చేయించి బట్ట ఇవ్వాలి గానీ, బట్ట ఇచ్చి గది అడుగుతారా ఎవరైనా?”

“ఎప్పటికి ఆరుతుంది?”

“పెరడుంటే చిటికెలో ఆరేది. లాక్కుని పూలమొక్కలేశారుగా. వాటినే అడగండి.”

మూల కూర్చుని చొక్కాలు మడతపెడుతున్న మొగుడు అడ్డొచ్చాడు. “ఒసేయ్, పెద్దాళ్ళతో మనకెందుకే? గది పోతే పోయింది...”

“పోతే ఎక్కడ పడుకుంటావ్? రాగిరేకు మీదా?”

అధికారి జెండా కొస దొరకబుచ్చుకున్నాడు. ఆమె రెండో కొస వదల్లేదు. గంజినీళ్ళు ఆయన బూట్ల మీద కారుతున్నాయి.

“లాగండి సారూ, లాగండి. పాత గుడ్డ. ఒక్క లాగుడుకి రెండు దేశాలవుతాయి.”

ఆయన చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. బయట బ్యాండు మొదలైంది. మంత్రిగారి కారు వచ్చేసిందని ఎవరో కేకేశారు.

“ఏం కావాలే తల్లీ నీకు?”

“ఈ గది మాదని చెప్పండి. ఇక్కడ కాదు. మీ మహనీయులు తడుస్తూ ఎక్కొచ్చిన మెట్ల మీద, మైకులో.”

అధికారి మెట్లెక్కి మైకు పట్టుకున్నాడు. “వెనక గది ఇస్త్రీవాళ్ళదే. వాళ్ళని ఎవరూ కదిలించరు” అన్నాడు. ఎందుకో తెలియకపోయినా జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు నిప్పక్క బొగ్గులు ఊది, ఇస్త్రీపెట్టె ఎత్తింది. తడి గుడ్డ చుయ్యిమంది. ఆవిరి కప్పుదాకా లేచింది. పళ్ళు బిగించి, ఎవరి వీపునో రుద్దుతున్నట్టు రుద్దింది.

అధికారి జెండా అందుకుంటూ, “ఇప్పుడు సంతోషమేనా?” అన్నాడు.

“నా గది నాకిచ్చి, పైగా సంతోషం కూడా అడుగుతున్నారా?” అని ఆయన ముఖాన తలుపేసింది.

ఇందులో మైకు మాత్రం నేను పెట్టిందే. ఆయన మెట్లెక్కనూ లేదు, ఎవరూ చప్పట్లు కొట్టనూ లేదు. గుమ్మంలో తల దించుకుని, ఆ మొగుడూ పెళ్ళాలకి తప్ప ఎవరికీ వినబడకుండా ‘సరే, గది మీదే’ అని గొణిగాడు. గది నిలిచింది గానీ, ఆమె అడిగింది అలా గొణగమని కాదు, నలుగురిలో చెప్పమని. అంత కోపానికి ఒక్క మైకైనా దొరకకపోవడం నాకే సహించక పెట్టాను.