మంగమ్మ మెడలో నరం

మంగమ్మ మెడ మీద గడ్డ ఉసిరికాయంత ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అది చిన్నరసం మామిడికాయంత అయ్యి గుటక పడటం కష్టమయ్యాక, కూతురు పార్వతి ఆమెను విస్సన్నపేటలో బస్సెక్కించి నూజివీడు ఆసుపత్రికి తీసుకొచ్చింది. అది 1962 వేసవి. తోటల్లో కాయకోత ముమ్మరంగా సాగుతోంది.

ఆపరేషన్ చేసింది డాక్టరు బసవపున్నారావుగారు. పక్కన నర్సు కృపావతి. మెడ వరకే మొద్దుబారేలా సూదిమందు ఇచ్చారు కాబట్టి మంగమ్మ మెలకువగానే ఉంది.

చర్మం కోసి పైకెత్తగానే డాక్టరుగారి చెయ్యి ఆగిపోయింది. కృపావతి అలవాటు కొద్దీ కత్తెర అందించబోయింది.

"ఆగమ్మా. ఇటు చూడు."

మెడ ముందు భాగంలో చెరోపక్కా ఒక్కో సన్నటి సిర ఉండాలి. మంగమ్మకు ఆ రెండూ లేవు. నట్టనడుమ, సరిగ్గా కండరాలు విడదీయాల్సిన చోటే, చిటికెన వేలంత లావున ఒకే సిర నీలంగా దిగింది. కత్తెర తగిలి ఉంటే ఏమయ్యేదో తలచుకుని కృపావతి దాన్ని పళ్లెంలో పెట్టేసింది. ఆయన మాత్రం చిరాకుపడలేదు. ఇష్టంగా దానికేసి చూస్తూ నిలబడ్డారు.

"ఏమైందండీ?" అంది మంగమ్మ.

"ఏం కాలేదమ్మా. అందరికీ రెండు నరాలుండే చోట నీకు ఒకటే ఉంది, లావుగా."

"అది తప్పా అండీ?"

"తప్పేముంది? నీ వాటం అది. తెంపకుండా పక్కకి జరుపుతాను. నువ్వు కదలకూడదు."

"కాయల గంప నెత్తిన పెట్టుకుని కాలవ గట్టు మీద నడిచేదాన్నండీ. పడుకుని కదలకుండా ఉండలేనా?"

ఆయన కొద్దికొద్దిగా సిరను విడదీసి, కిందనుంచి తడి నాడా దూర్చి, సిరను పక్కకి లాగి పట్టుకోమని దాని కొసలు కృపావతి చేతికిచ్చారు. మంగమ్మ ఊపిరి వదిలినప్పుడల్లా సిర ఉబ్బుతోంది, పీల్చినప్పుడు సన్నబడుతోంది. ఇన్నేళ్ల సర్వీసులో కృపావతి ఇలాంటిది చూడలేదు. ఆయన మధ్యమధ్య మంగమ్మను పలకరిస్తూనే పనిచేశారు. గడ్డ బయటికొచ్చేదాకా ఆమె మెడ రవ్వంత కదల్లేదు. ఆయన చేతిని మెచ్చుకోవాలో ఈమె ధైర్యాన్ని మెచ్చుకోవాలో కృపావతికి తోచలేదు.

మర్నాడు వార్డులో మంగమ్మ జావ తాగుతూ, తన నరం సంగతి పక్కమంచాలవాళ్లకు చెబుతోంది. డాక్టరుగారు రాగానే అడిగింది. "మా పార్వతికీ ఇలాగే ఉంటుందాండీ?"

"ఏమో, చూద్దాం. ఊపిరి బిగబట్టమ్మా."

మంచం పక్కనున్న పార్వతి బుగ్గలు పూరించింది. మెడ మీద చెరోపక్కా సన్నటి గీత తేలింది.

"అందరిలాగే రెండున్నాయి," అన్నారాయన.

మంగమ్మ మొహం చిన్నబోయింది. "దానిదంతా వాళ్ల నాన్న పోలికేలెండి," అంది.