స్టిక్కరు కింది బటన్

నేను ఒక స్విచ్చర్‌ని. కరెంటు స్విచ్చిని కాదండోయ్, ఆ పొరపాటు చాలామంది పడుతుంటారు. పెళ్లిళ్లలో నాలుగు కెమెరాలు తెచ్చే బొమ్మల్లో ఏది పెద్ద తెర మీదికి వెళ్లాలో దారి చూపే రేకు డబ్బాని. ఎక్కడో సముద్రం అవతల ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నాకు ఆఖరి మర బిగించి, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసి అట్టపెట్టెలో పెట్టింది. మళ్లీ పెట్టె తెరుచుకునేసరికి సత్తెనపల్లిలో ఉన్నాను.

నన్ను కొన్నవాడు మస్తాన్‌వలి, పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. మంచివాడే గానీ, తన సామాను ఇంకొకరి సామానులో కలిసిపోతుందని చచ్చేంత భయం. పెట్టె విప్పీ విప్పగానే 'మస్తాన్ డిజిటల్స్' అని అరచేయంత స్టిక్కరు నా వీపున అంటించి, బొటనవేలితో గట్టిగా రుద్దాడు. నా వీపున ఒక చిన్న బటన్ ఉంది. అది కాస్తా స్టిక్కరు కింద దాగిపోయింది. నేను ఎవరితో చెప్పుకోను?

ఆ బటన్ ఎందుకో చెబుతాను. పెళ్లిలో పంతులుగారు గోత్రం అడిగినట్టే, కెమెరా కూడా బొమ్మ పంపే ముందు తెరను అడుగుతుంది: నీ వెడల్పెంత, ఎత్తెంత, ఏ రంగులు చూపగలవు? తెర జవాబు చెబితేనే బొమ్మ కదులుతుంది. ఆ జవాబును మధ్యలో మోసేది నేను. నేను ఒక కెమెరాను వదిలి ఇంకోదానికి మారితే, వదిలేసిన కెమెరా తెర పోయింది కాబోలనుకుని ఊరుకుంటుంది. మళ్లీ దాని వైపు తిరిగానా, గోత్రం మొదటినుంచీ అడుగుతుంది. అంతసేపూ తెర నల్లగా ఉంటుంది. అదే ఆ బటన్ ఒక్కసారి నొక్కితే, తెర చెప్పేదంతా నేను బట్టీపట్టి, అన్ని కెమెరాలకూ తడుముకోకుండా నేనే చెప్పేస్తాను. ఇక తెర ఆరదు.

నొక్కేవాడేడీ? ఒక పెళ్లిలో సరిగ్గా ముహూర్తానికే తెర ఆరింది. "అపశకునం!" అని పెళ్లికొడుకు మేనత్త గుండెలు బాదుకుంది. మస్తాన్ నా నెత్తిన ఒక్కటి చరిచాడు. మా జాతికి మనుషులు చేసే వైద్యం అదొక్కటే.

ఆ తర్వాత ప్రసూన పెళ్లి వచ్చింది. ప్రసూనకు పుట్టుకతో వినపడదు. ఆమెతో బధిరుల పాఠశాలలో చదువుకున్న స్నేహితులంతా వస్తున్నారు. పొద్దున్నే కల్యాణమండపంలో మస్తాన్ కేబుళ్లు తగిలిస్తుంటే, సగం వేసిన పూలజడతో ప్రసూనే వచ్చింది. చేతులతో గబగబా ఏదో చెప్పింది. పక్కనున్న తల్లి శేషారత్నం దాన్ని నోటితో చెప్పింది.

"మస్తానూ, దీని స్నేహితులకి గట్టిమేళం వినపడదయ్యా. మొన్న వాళ్లలోనే ఒకమ్మాయి పెళ్లిలో, అందరూ అక్షింతలేసి కూర్చున్నాక వీళ్లు లేచి వేశారంట. జనం నవ్వారంట. నా పెళ్లిలో వాళ్లని చూసి ఎవరూ నవ్వకూడదు అంటంది. మీ కెమెరావాళ్లేమో పెళ్లికూతురి చుట్టూ గోడ కడతారు. ఇంక వాళ్లకి ఆ తెరేగా దిక్కు?"

"ఆరదు లేమ్మా, నాదీ పూచీ," అన్నాడు మస్తాన్. అని, ఊరికే ఉండక, వాళ్ల ముందే కెమెరా మార్చి చూపించబోయాడు. తెర నల్లబడింది. ప్రసూన ఆ నల్లటి తెర వైపు ఒకసారి చూసి, తల వంచుకుని వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నన్ను అమ్మిన దుకాణానికి మస్తాన్ ఫోన్ చేశాడు. అవతలి గొంతు నాకూ వినిపించింది.

"వెనకాల బటన్ ఉంటది కదన్నా, నొక్కావా?"

"బటనేందయ్యా? వెనకాల నా స్టిక్కరు తప్ప ఏం లేదు."



"అన్నా... ముందు ఆ స్టిక్కరు పీకు."

గోటితో గీకితే సగం పేరు ఊడి సగం మిగిలింది. బటన్ కనబడగానే "ఓర్నీ!" అని నుదురు కొట్టుకున్నాడు. నొక్కాడు. తెర తన వివరమంతా చెప్పింది, నేను ఒక్క ముక్క వదలకుండా పట్టేశాను. ఇన్నాళ్లకు నా పని నన్ను చేయనిచ్చారు, ఎంత సంతోషమో!

ముహూర్తానికి కెమెరావాళ్లు యథాప్రకారం గోడ కట్టారు. ముందు వరసలవాళ్లు మెడలు సాచి విసుక్కుంటున్నారు. వెనక, మా బల్ల పక్క వరసల్లో, ప్రసూన స్నేహితులు గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని రెప్ప వేయకుండా తెరనే చూస్తున్నారు. మస్తాన్ దగ్గరి కెమెరాకు మార్చాడు. తెర ఆరలేదు. ప్రసూన చేతిలోని జీలకర్ర బెల్లం పెళ్లికొడుకు తలకు తాకడం, అడ్డుతెర దిగడం ఇంత పెద్దగా కనబడ్డాయి. గట్టిమేళం ఇంకా ఊపందుకోలేదు. ముందువాళ్లు ఇంకా "అయిందా? అయిందా?" అని అడుగుతుండగానే వెనక నుంచి అక్షింతలు లేచాయి. అందరికంటే ముందు! కొన్ని నా మీదా పడ్డాయి. రెండు గింజలు గాలికంతల్లోంచి లోపలికి జారాయి.

అంతలో ఆ వరసల్లో చేతులన్నీ పైకి లేచి, వేళ్లు విప్పుకుని అటూ ఇటూ ఊగాయి. వాళ్లు గోల చేస్తున్నారనుకున్నాడు మస్తాన్. "యా అల్లా, మళ్లీ ఆరింది!" అని తెర వైపు తిరిగాడు. తెర నిండా ప్రసూనే ఉంది. రెండో చేయి ఎత్తి ఆమె కూడా అలాగే ఊపుతూ నవ్వుతోంది. అవి వాళ్ల చప్పట్లని తర్వాత శేషారత్నం చెబితే గానీ అతనికి తెలియలేదు.

నాకిప్పుడు వయసు మీదపడింది. కొత్త డబ్బా కొన్నాక మస్తాన్ నన్ను తుక్కులో వేయలేదు, ప్రసూన చదివిన పాఠశాలకు ఇచ్చాడు. ఇప్పుడక్కడ పాఠం చెప్పేది ప్రసూనే. ఆమె చేతులు తెర మీద కనబడతాయి, వెనక బెంచీ పిల్లలు కూడా వాటిని చూసే నేర్చుకుంటారు. తెర ఆరితే మాట ఆగినట్టే. ఆరనిస్తానా! రోజూ పొద్దున్నే ఆమె నన్ను అలమరలోంచి తీసి బల్ల మీద పెడుతుంది. అప్పుడు నా లోపల ఆ రెండు గింజలూ గలగలమంటాయి. అంత పెద్ద గదిలో ఆ చప్పుడు వినేది నేనొక్కదాన్నే.