పౌలు కన్ను గీయించిన తుపాకి

మట్టెవాడలో పాండురంగం దుకాణానికి బాగుచేయడానికి తుపాకులు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. వేట బందయ్యాక స్టవ్వులకు వాషర్లు వేసుకుంటూ, తాళంచెవులు చేసుకుంటూ బతుకుతున్నాడు. ఆ పొద్దున కూడా ఎవరిదో స్టవ్వుకు గాలి కొట్టి మంట చూస్తున్నాడు. అప్పుడే కాజీపేట పౌలు వచ్చి సైకిల్ దిగాడు.

పౌలు రైల్వేలో ఖలాసీ. కుడికన్ను లేదు. పోయిన ఆ కంటికి పోయిన వస్తువులు కనబడతాయి. మంచి కన్ను మూసుకుని, అడిగినదాని మీద మనసు పెడితే చాలు. మేక తప్పిపోయినా, ముక్కుపుడక జారిపోయినా జనం ముందు పౌలు ఇంటికే పోతారు. "నీ సంచి డోర్నకల్ టేషన్ల బెంచీ కింద ఉన్నది, పో" అంటాడు. అక్కడే ఉంటుంది. పాండురంగం మాత్రం ఎన్నడూ పోలేదు. తండ్రి ఇచ్చిన ఉంగరం పోయినప్పుడు భార్య చిలుకమ్మ ఎంత పోరినా పోలేదు.

"అన్నా, తాత తుపాకి అసొంటిదే ఇంకోటి చెయ్యాలె" అన్నాడు పౌలు పీట మీద కూర్చుంటూ. "పేలనక్కర్లే. గోడకుంటే చాలు. అమ్మ ఎప్పుడు జూసినా అది ఏలాడిన ఉత్త మేకులనే చూస్తాంది."

పాండురంగం స్టవ్వు ఆర్పేశాడు.

పౌలు తాత ఒక జర్మనీ పాదిరికి వేటలో దారి చూపేవాడు. పాదిరి తన దేశం పోతూ, వాళ్ల పెద్దలనాటి చెకుముకి తుపాకిని ఆయనకిచ్చి పోయాడు. డెబ్బై ఒకటిలో, చేను మీద పడుతున్న అడవిపందిని కొట్టబోతే ఆ తుపాకి పౌలు చేతిలోనే పగిలిపోయింది. పౌలుకు కన్ను పోయింది. పక్కన నిల్చున్న తమ్ముడు దానియేలు ప్రాణమే పోయింది. ఎందుకిట్లా అయిందని పెద్దమనుషులు అడిగితే, తుపాకులు తెలిసినవాడిగా పాండురంగం చెప్పాడు: "మందు ఎక్కువ దట్టించిండు." ఆ మాటే ఖాయమైంది. తల్లి కృపమ్మ ఆనాటి నుంచి పెద్దకొడుకుతో మాట్లాడలేదు.

అంతకు కొద్దిరోజుల ముందే ఆ తుపాకిని బాగుచేసింది పాండురంగం. గొట్టం అడుగున వెంట్రుకంత పగులు చూశాడు. చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. ఇత్తడి పోసి, ఆకురాయితో రుద్ది, నలుపు పట్టించి ఇచ్చేశాడు. ఆగుతుందిలే అనుకున్నాడు.

ఇప్పుడు కాదనడానికి నోరు రాలేదు. "కొలతలేవి పౌలూ? ఒక్క ముక్క గూడ మిగల్లే గద."

"నా కంట్ల ఉన్నయి. ఇన్నేండ్లు దాన్ని ఎతకాల్నంటే భయమయ్యేది. నువ్వు గీస్కో." పౌలు మంచి కన్ను మూసుకున్నాడు.

పాండురంగం కాగితం పరిచి పెన్సిలు తీశాడు.

"పొట్టిదే. నిలవెడితే నా రొమ్ముదాక వస్తది. ఎనిమిది పలకల గొట్టం. మూతికాడ జర లావైతది. కట్టె అఖ్రోటు."

"అది ఈడ దొరకది. ఇరుగుడు చేవ పెడత."

"పెట్టు. ఎడమదిక్కు చెంప ఆనేతందుకు ఉబ్బున్నది. కుడిదిక్కు గుడ్డపేలికలు దాసే గూడు, జరిపే మూత. మూత మీద దుప్పి చెక్కి ఉన్నది."

"దుప్పి ఎటు చూస్తాంది?"

"ఎనకకు."

చెకుముకి రాయిని పట్టుకునే గుర్రం వంపు గీస్తూ పాండురంగం కాసేపు అన్నీ మరిచిపోయాడు. ఎన్నాళ్లకో చేతికి తగ్గ పని. అంతలో పౌలు ఆగాడు.

"గొట్టం అడుగున ఒక గీత కనవడ్తాంది అన్నా."

"ఎప్పటిది చూస్తానవ్? పగిలిన తర్వాతదా?"

"కాదు. ఇంకా గోడకే ఉన్నది. దానియేలు దించుతాండు."

తప్పించుకునే దారి ఇంకా ఉంది. అది అతుకు గీత అనొచ్చు. పౌలు నమ్ముతాడు, ఆనాటి మాట నమ్మినట్టే. ఆ నమ్మకాన్నే పాండురంగం భరించలేకపోయాడు. పెన్సిలు ఆనించి పగులును గీశాడు. సరిగ్గా అదే చోట, అదే వంకరతో.

పౌలు మంచి కన్ను తెరిచి కాగితం వైపు చాలాసేపు చూశాడు.

"ఎక్కడిదాక ఉన్నదో నేనింకా చెప్పలే గద అన్నా."

"చెప్పలే."

"నీకెర్కేనా?"

"ఎర్కే. ఇత్తడి పోసి పూడ్చింది నేనే."

"మరి మందు?"

"నువ్వు సరిగ్గనే పోసినవ్."

పౌలు పీట మీంచి లేచాడు. బయటికి పోయి సైకిల్ స్టాండు తీశాడు. "ఎక్కు. అమ్మకు నువ్వే చెప్పాలె."

వెనక కూర్చున్న పాండురంగానికి కాజీపేట దాకా పౌలు వీపే కనిపించింది. గతుకులొచ్చినప్పుడు పౌలును పట్టుకోవాల్సింది. పట్టుకోలేకపోయాడు.

కృపమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పాండురంగం నిల్చునే అంతా చెప్పాడు, చేట వైపు చూస్తూ. చెప్పడం అయిపోయినా ఆమె కాసేపు చెరుగుతూనే ఉంది. తర్వాత చేట దించి, లేచి, కొడుకు దగ్గరికి వచ్చింది. గుంటపడిన ఆ కుడికంటి మీద అరచెయ్యి పెట్టింది.

"పౌలూ, అన్నం తిన్నవా బిడ్డా?"

పౌలు చిన్నపిల్లాడిలా తల అడ్డంగా ఊపాడు. రెండు కళ్లనుంచీ నీళ్లు కారాయి.

పాండురంగం తిట్ల కోసం కాచుకున్నాడు. తిట్టి వెళ్లగొడితే ఇంటికి పోవచ్చు. కృపమ్మ లోపలికి పోయి రెండు కంచాలు తెచ్చింది. రెండింట్లోనూ అన్నం పెట్టి, పప్పు పోసింది.

"కూసో" అంది అతని మొహం చూడకుండానే.

కూర్చున్నాడు. పౌలు పక్కనే ఆబగా తింటున్నాడు. పాండురంగం ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. మింగడానికీ లేదు, ఉమ్మడానికీ లేదు. అట్లాగే నములుతూ ఉండిపోయాడు.