తాగని నీళ్ళు

నాకు ముక్కు మీద కోపం. మా ఇంట్ల అందరికీ తెలుసు. ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఆ కోపమంతా నా మీదనే ఉంటది. జర గరంగ వినపడితే ఏమనుకోకుండ్రి.

నా పేరు కన్నెబోయిన మహేశ్వర్. సూర్యాపేట పక్కన ఆత్మకూర్ (ఎస్) మా ఊరు. మా నాయిన లింగస్వామికి గొర్ల మంద ఉంది. పాలిటెక్నిక్ చదవనీకి హైదరాబాద్ పోయి, రూమ్మేట్ వెంట మోర్మన్ చర్చికి పోయి, ఇరవై ఏండ్లకు మిషనరీనైన. మా నాయినకు చెప్తే, నీకేం తక్కువ చేసిన్రా అని ఒక్క మాట అడిగి గొర్లెంబడి పోయిండు.

మా చర్చిల మిషనరీ అంటే రెండేండ్లు. తెల్లంగి, టై, జేబు మీద పేరు రాసిన నల్ల బిళ్ళ. ఎటు పోయినా ఇద్దరం పోవాలె, ఒక్కడు ఒంటరిగ తిరగొద్దు. సినిమాల్లేవు, చాయ్ లేదు, కాఫీ లేదు. ఎవరన్న పిలిస్తేనే వాళ్ళింటికి పోవాలె. ఇంటికి ఫోన్ వారానికి ఒక్కసారి, సోమవారం. ఇంకోటి, మమ్మల్ని పేరు పెట్టి పిలవరు. ఇంటిపేరుకు ముంగట ఎల్డర్ అని పెట్టి పిలుస్తరు. ఈ రివాజు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ఇంటిపేరుతోని ఏం తెలుస్తదో నాకు తెల్వదు. మా దిక్కు మాత్రం ఇంటిపేరు చెప్తే కులం చెప్పినట్టే, వాడ చెప్పినట్టే, తాత ఎవరో చెప్పినట్టే. నా బిళ్ళ మీద 'ఎల్డర్ కన్నెబోయిన' అని తెలుగుల రాసి ఉండె. చూసినోళ్ళందరికీ నేను గొల్లోళ్ళ పిలగాన్నని తెలిసేది. మా చర్చి పెద్దోళ్ళకు ఆ సంగతి తట్టలే. నాకూ తట్టలే.

నేను చెప్పేది మే నెలల ఒక వారం ముచ్చట. హైదరాబాద్‌ల బట్టల షాపుల పని చేసే స్వప్న అని ఒక పిల్ల మా దగ్గర పాఠాలు విన్నది. ఇరవై మూడేండ్లు ఉంటయ్. ఆ ఆదివారం ఆమె బాప్తిస్మం. నేనే ఇయ్యాలని అడిగింది. ఆమెకు ఒక్కటే కోరిక, వాళ్ళమ్మ దుర్గమ్మ వచ్చి కండ్లార చూడాలె. దుర్గమ్మ మిర్యాలగూడల రైస్ మిల్లుల కూలి చేస్తది. మొగడు లేడు, ఉన్నది ఒక్క బిడ్డ. అమ్మా, ఈడ కులం గిలం లేదు, అందరం ఒక్కటే అని బిడ్డ చెప్తే ఆమె నమ్మలే. ముందుగాల వాళ్ళను మనింటికి రమ్మను, ఎసొంటి మనుషులో నేను సూసినంకనే వస్త అన్నదంట. తప్పేముంది అండ్ల? తల్లన్నంక చూడదా.

సోమవారం బట్టలుతుక్కున్నం. ఇంటికి ఫోన్ చేస్తే నాయనమ్మ ఎత్తింది. నేనేదో కంపెనీల టై కట్టుకొని పని చేస్తున్న అని ఆమెకు చెప్పి పెట్టిన్రు. ఎండల తిరగకు బిడ్డా, ఎవలింట్ల పడితే వాళ్ళింట్ల నోరు పెట్టకు అన్నది. ప్రతిసారి అదే అంటది. నవ్వి పెట్టేసిన. అదే రోజు మా మిషన్ ప్రెసిడెంట్ పిలిచి, నన్నూ నా జోడీ ఎల్డర్ సామ్యూల్‌నూ నాలుగు రోజులు ఊర్లకు పంపుతున్నమని చెప్పిండు. సూర్యాపేట, కోదాడల మా చర్చోళ్ళ ఇండ్లు రెండున్నయ్, వాళ్ళను చూసి, మిర్యాలగూడల దుర్గమ్మను కలిసి రావాలె. మామూలుగైతే సొంతూరి దిక్కు పంపరు. సామ్యూల్‌ది కోయంబత్తూర్, తెలుగు అంతంత మాత్రం. అందుకే నన్నేసిన్రు. ఇంటికి మాత్రం పోవద్దన్నరు.

మంగళవారం సూర్యాపేట బస్టాండ్ల దిగినం. ఆటోఆయన నా బిళ్ళ చూసి, కన్నెబోయినోళ్ళా, ఆత్మకూర్ లింగస్వామి కొడుకువా, మనోడివే గదా అని నా భుజం మీద చెయ్యేసిండు. నాకు మస్తు సంబురమైంది. సామ్యూల్‌కు ఏం సమజ్ గాక నా మొఖం చూసిండు. బ్యాంకుల పనిచేసే అలేఖ్య అనే మా చర్చి చెల్లె ఇంటికి పోయి, ఆమె పెట్టిన రాగి జావ తాగి, ప్రార్థన చేసినం.

బుధవారం కోదాడ. రిటైరైన పంతులు వెంకటేశ్వర్లు గారు. కోదాడ మాటల ఆంధ్ర వాసన ఉంటది గదా, గుమ్మంలనే మొదలువెట్టిండు, ఏం బాబూ, ఈ ఎండలో మెడకు ఆ ఉరితాడేంటండీ అని. ఆయన ముంగట నేను ఒక పాఠం చెప్పిన. మనుషులందరూ ఒక్క తండ్రి పిల్లలు, ఎవరూ ఎక్కువ గాదు, తక్కువ గాదు. బాగ చెప్పావయ్యా అన్నడు. నేను గూడ బాగనే చెప్పిన అనుకున్న. కాలర్ సర్దుకున్న.

గురువారం మధ్యాహ్నం మిర్యాలగూడ చేరినం. రోడ్ల మీద పొగలొస్తున్నట్టుంది ఎండ. ఎస్సీ కాలనీల రెండర్రల రేకుల ఇల్లు. దుర్గమ్మ మిల్లుకు సెలవు పెట్టి, తలంటుకొని, గడపల నిలబడి ఉంది. మా కోసం పక్కింటోళ్ళ కూలర్ అడుక్కొచ్చి పెట్టింది. గోడకు హ్యాంగర్‌కు కొత్త చీర, ఇస్త్రీ చేసి ఉంది. ఆదివారానికి కట్టుకుందమని కొన్న, రంగు మంచిగుందా అని సామ్యూల్‌ను అడిగింది. అంటే ఆమె అప్పటికే రావాలనే అనుకున్నది. ఊకె మమ్మల్ని ఒకసారి చూసుకుందమనే పిలిచింది.

చాయ్ పెట్టలే బిడ్డా, మీరు తాగరంట గదా, స్వప్న చెప్పింది అన్నది. మంచం మీద కూసోబెట్టింది. నా బిళ్ళ దిక్కు చూసి, నాకు చదువు రాదు, ఏమని రాసింది అని అడిగింది. కన్నెబోయిన అని చెప్పిన. ఆమె మొఖంల ఏదో కదిలింది, మళ్ళ సర్దుకున్నది. లోపలికి పోయి రెండు స్టీలు గ్లాసుల్ల నీళ్ళు తెచ్చింది. సామ్యూల్ గటగట తాగి ఇంకో గ్లాసు అడిగిండు. నేను గ్లాసు చేతిల పట్టుకున్న. పట్టుకొని, మంచం పక్కకు కింద పెట్టిన. తర్వాత తాగుతనమ్మా, ఇప్పుడే తాగొచ్చిన అన్న.

అబద్ధం. పొద్దటి నుంచి చుక్క నీళ్ళు తాగలే. నాలుక పిడచకట్టుకపోయింది. అయినా చెయ్యి లేవలే. ఎందుకు లేవలేదో మీకు నిజం చెప్పాలె. మా ఇంటికి వాళ్ళ వాడ నుంచి ఎవరన్న పనికొస్తే, మా నాయనమ్మ చెంబు పైకెత్తి వాళ్ళ దోసిట్ల నీళ్ళు పోసేది. రెండో తరగతిల నేను ఆ వాడల నా దోస్తు ఇంట్ల నీళ్ళు తాగొచ్చిన్నని ఈపు చిట్లగొట్టి, బోరు కాడ తానం పోసి, పసుపు నీళ్ళు చల్లి ఇంట్లకు రానిచ్చింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటరు. పోయిందనే అనుకున్న నేను. హైదరాబాద్ హాస్టల్ల, చర్చిల అందరితోని కలిసే తిన్న. ఎవరి ఇంటిపేరు ఏందో అడగలే. కాని వాళ్ళ వాడల, వాళ్ళింట్ల కూసొని, వాళ్ళ కుండల నీళ్ళంటే నాయనమ్మ పసుపు నీళ్ళే యాదికొచ్చినయ్. థూ నా బతుకు.

ఇంకా సిగ్గు ముచ్చట ఏందంటే, ఆ గ్లాసు పక్కన పెట్టుకొనే నేను పాఠం మొదలువెట్టిన. మనుషులందరూ ఒక్క తండ్రి పిల్లలు. ఆమె నా మొఖం చూడట్లే. గ్లాసును చూస్తున్నది.

"గ్లాసు కొత్తది కొడుకా," అన్నది దుర్గమ్మ. "మీకోసమే కొన్న. మా నోరు తాకలే దానికి."

ఒంగి గ్లాసు అందుకోబోయిన. నాకంటె ముందు ఆమె తీసుకున్నది. ఇప్పుడొద్దు అని, వాకిట్లకు పోయి పారబోసి వచ్చింది. కోపం లేదు, గొంతు పెంచలే. తిడితే బాగుండు.

"నేను రాను. ఎందుకు రాలేదో నా బిడ్డకు నేను చెప్ప, దాని సంబురం నేనెందుకు ఖరాబ్ చేస్త? నువ్వే చెప్పు. జరిగింది జరిగినట్టు చెప్పు. ఇన్నంక గూడ మీతోనే ఉంటనంటే దాని ఇష్టం."

చెప్తనమ్మా అన్న. ఒట్టు పెట్టినట్టే అన్న.

శుక్రవారం తిరుగు బస్సుల సామ్యూల్ నా దిక్కు తిరిగిండు. చాయ్ మన రూల్, సరే, నీళ్ళు ఎందుకు తాగలే నువ్వు అని ఇంగ్లీషుల అడిగిండు. నేను నాయనమ్మ ముచ్చటంతా, దుర్గమ్మ నాకు అప్పజెప్పిన మాట గూడ చెప్పిన. ఆయన కసిరితే నేను గూడ కసురుదునేమో. కసరలే. స్వప్నకు చెప్పు, ఆమె తల్లి నీకు అప్పజెప్పింది, అది నువ్వే చెయ్యాలె అన్నడు. చెప్త అన్న. శనివారం ఇద్దరం కలిసి బాప్తిస్మం తొట్టి కడిగి నీళ్ళు నింపినం. నింపినంత సేపూ ఎట్ల చెప్పాలె, ఏ మాటతోని మొదలువెట్టాలె అని లోపల లోపల నేర్చుకున్న.

ఆదివారం స్వప్న తెల్ల బట్టలేసుకొని గేటు కాడనే నిలబడ్డది. బస్సు లేటైందేమో అంటున్నది. ఆఖరికి ఫోన్ చేస్తే దుర్గమ్మ, నేను రాను బిడ్డా, ఎందుకో ఆ పిలగానికి చెప్పిన, ఆయన్నడుగు అని పెట్టేసింది. స్వప్న నా దగ్గరికొచ్చింది. పక్కన సామ్యూల్ ఉన్నడు.

"ఏమైంది ఎల్డర్? మా అమ్మ ఎందుకు రాలే?"

నేర్చుకున్న మాటలన్నీ నోటి దాక వచ్చినయ్. ఆమె నన్ను ఎట్ల చూస్తుండెనో మీకు చెప్పలేను. నా కంటె మంచోడు లేడన్నట్టు చూస్తుండె. ఆ చూపు పోతదని భయమైంది. గంతే, ఇంకే కారణం లేదు.

"మేం చాయ్ తాగలేదని మనసుకు తీసుకున్నట్టుంది," అన్న.

చాయ్ కోసమా, మీరు తాగరని నేను ముందే చెప్పిన గదా అన్నది. మర్చిపోయినట్టుంది అన్న. ఆ తల్లి అసలు చాయ్ పెట్టనే లేదు, గుర్తుపెట్టుకొని మరీ పెట్టలే. స్వప్న కండ్లు తుడుచుకొని, గ్లాసెడు చాయ్ కోసం నన్ను కాదనుకున్నదా, ఇగ నేను ఆమెకు ఫోన్ చెయ్య అన్నది. మేం గబగబ మాట్లాడుతుంటే సామ్యూల్‌కు మా తెలుగు అందలే. స్వప్న ఏడ్పు చూసి, నిజం చెప్పేసిండు అనుకొని, నా వీపు తట్టిండు.

తర్వాత నేను తొట్టిల దిగిన. నడుము దాక నీళ్ళు. ఆమె చెయ్యి పట్టుకొని, చెప్పాల్సిన ప్రార్థన చెప్పి, ముంచి లేపిన. అందరూ పాట పాడిన్రు. స్వప్న ఏడుస్తనే ఉంది, అందరూ సంతోషంతోని అనుకున్నరు.

ఇది జరిగి మూడేండ్లాయె. నా మిషన్ ఖతమైంది, హైదరాబాద్‌లనే నౌకరి చేస్తున్న. సామ్యూల్ వాళ్ళ ఊరికి పోయిండు. స్వప్నకు పెండ్లయింది, బిడ్డ పుట్టింది. తల్లికి చెప్పలే. దుర్గమ్మ గూడ ఫోన్ చెయ్యలే. ఎందుకు చేస్తది? నేను నిజం చెప్పిన్ననే ఆమె అనుకుంటున్నది. అంతా విని గూడ నా బిడ్డ వాళ్ళనే కోరుకున్నదనే లెక్కల ఉన్నది. ఒక్క మాటతోని ఇద్దరినీ కలపొచ్చు నేను. రోజూ అనుకుంట.

మా చర్చిల నెలకొక ఆదివారం ఎవరైన లేసి నిలబడి తమ సాక్ష్యం చెప్పుకుంటరు. పోయిన నెల స్వప్న బిడ్డను సంకనేసుకొని ముంగటికి పోయింది. నా తల్లి గ్లాసెడు చాయ్ కోసం నన్ను వదిలేసింది, దేవుడు నన్ను వదల్లే అని చెప్పింది. నా ఎనక కూసున్న ఒక ముసలామె చచ్చచ్చ అన్నది. స్వప్న నా దిక్కు చెయ్యి చూపిచ్చింది, ఆ రోజు అక్కడున్న బ్రదర్ మహేశ్వర్ ఇక్కడనే ఉన్నడు, ఆయన్నడుగుండ్రి అన్నది.

అందరూ నా దిక్కు తిరిగిన్రు. నేను అవునని తలూపిన.