ఏ ఊరి పన్నెండు గంటలు

మకస్సర్ పడవల కంపెనీలో డాయెంగ్ లల్లోకి అన్నిటికన్నా ఇష్టమైనది కంట్రోల్ రూములో తన కుర్చీ. ఆ గదిలో నాలుగు తెరలు, ఒక ఏసీ, తను. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. టికెట్ల ప్రోగ్రాం ఏ పని ఏ నిమిషాన చేసిందో లాగ్ ఫైల్లో లైను కింద లైను రాసుకుంటూ పోతుంది. ఆ లైన్లు చూస్తూ కూర్చుంటే అతనికి వాన చూస్తూ కూర్చున్నట్టుంటుంది.

సోమవారం పొద్దున ఆ కుర్చీకే ముప్పొచ్చింది. శుక్రవారం ప్రోగ్రాం పడిపోయి రేవులో జనం గోల చేశారు. జకార్తా ఆఫీసువాళ్లు లాగ్ తిరగేసి మెయిల్ పంపారు. డాయెంగ్ లల్లో రీస్టార్ట్ నొక్కిన అరగంటకి ప్రోగ్రాం కూలిందట. నిక్షేపంగా నడుస్తున్నదాన్ని ముట్టుకున్నందుకు అతన్ని రేవులో టికెట్ల కౌంటరుకి మార్చాలట. మధ్యాహ్నం వీడియోలో విచారణ. కౌంటరంటే రోజంతా మనుషులు.

అతనికి గుర్తున్న కథ వేరు. జుమ్మా నమాజు నుంచి వచ్చి గేటు బయట చోతో మాంసం పులుసు తింటుంటే ఫోను మోగింది. గిన్నె సగంలో వదిలేసి పరిగెత్తాడు. ప్రోగ్రాం అప్పటికే పడిపోయి ఉంది. అప్పుడు నొక్కాడు.

కానీ ఫైలు అలా అనడం లేదు. ఫైలుకి అబద్ధమాడాల్సిన అవసరమేముంది? మనిషికైతే బోలెడుంటుంది. అక్కణ్నుంచి అతని బుర్ర ఊరుకోలేదు. మసీదుకి బయల్దేరే ముందు తెర నెమ్మదించిందేమో. ఒకసారి నొక్కితే పోలా అనుకున్నానేమో. కాసేపటికి ఆ ‘ఏమో’లు రాలిపోయాయి. భోజనం వేళకల్లా అంతా కళ్లకు కట్టింది: బయట మసీదు బాంగు వినిపిస్తోంది, ఒక కాలికి చెప్పుంది, రెండోదాని కోసం వంగుతూనే మౌసు నొక్కాడు. ఇంత వివరంగా గుర్తున్నది జరగకుండా ఎలా ఉంటుంది?

అందులో ఒక సుఖం కూడా లేకపోలేదు. ఒప్పేసుకుంటే వాదించక్కర్లేదు. వాదన అంటే మళ్లీ మాట్లాడటమే కదా.

విచారణలో ఇటు అందరూ పాక్, అంటే సార్, అని పిలిచే మేనేజరు పతాహుద్దీన్, అటు తెరలో జకార్తా నుంచి లాగ్ చదివిన వెనింగ్ అనే అమ్మాయి. ఆమె జావా అలవాటు కొద్దీ, అన్నా అన్నట్టు, “మాస్ లల్లో” అని మొదలుపెట్టింది.

“మాస్ కాదమ్మా, మకస్సర్‌లో డాయెంగ్ అనాలి. బదిలీ చేసే ముందు పేరైనా సరిగ్గా పిలువు,” అన్నాడు పాక్.

నొక్కారా లేదా అని ఆమె అడిగింది. లల్లో తల వంచుకున్నాడు. “నొక్కే ఉంటాను,” అన్నాడు.

రికార్డు కోసమని ఆమె ఆ లైను పైకి చదివింది. శుక్రవారం, పన్నెండూ ఇరవై, రీస్టార్ట్.

పాక్ తలెత్తాడు. “పన్నెండూ ఇరవయ్యా? అప్పుడు మసీదులో ఖుత్బా ప్రసంగం నడుస్తోంది. ఈ మహానుభావుడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. మోచేత్తో పొడిచినా లేవలేదు.”

లల్లో చెవులు ఎర్రబడ్డాయి. ఆ నిద్ర సంగతి అతను తనకు తాను కూడా చెప్పుకోలేదు. తెరలో వెనింగ్ ఆ లైను మళ్లీ చూసుకుంది. తర్వాత మెల్లగా, మకస్సర్‌లో నొక్కిన రీస్టార్ట్‌ని లాగ్‌లో రాసే మెషీను తమ దగ్గరిదేనని, దాని గడియారం జకార్తాదని చెప్పింది.

“అది విబ్, అంటే మా జకార్తా టైము రాస్తుంది. మీ ప్రోగ్రాం విటా, అంటే మీ మకస్సర్ టైము రాస్తుంది. రెండూ ఒకే ఫైల్లో పడుతున్నాయి. ఏ గంట ఎవరిదో పక్కన లేదు.”

జకార్తాలో పన్నెండయితే మకస్సర్‌లో ఒంటిగంట. ప్రోగ్రాం కూలింది ఇక్కడి పన్నెండూ యాభైకి; అతను నొక్కింది ఒకటీ ఇరవైకి, కూలాకనే.

“ఇక్కడ పెళ్లిపత్రిక మీద కూడా గంట పక్కన విటా అని వేస్తారమ్మా,” అన్నాడు పాక్. “లేకపోతే జకార్తా చుట్టాలు పులావు అయిపోయాక దిగుతారు.”

బదిలీ మాట వెనక్కి తీసుకుంటున్నానని వెనింగ్ చెప్పింది. ఇకమీదట ప్రతి లైనులోనూ గంట పక్కన ఏ ప్రాంతపుదో పడేలా అమర్చే పని లల్లోకే అప్పగించింది.

అతను తన కుర్చీలో కూర్చుని సెట్టింగులు తెరిచాడు. రెండు మెషీన్లకీ అది చేర్చి ఆపి మళ్లీ నడిపితే కొత్త లైన్లు రాసాగాయి. ఒకదాని చివర విబ్, దాని కింద విటా. పాక్ వెనకే నిలబడ్డాడు.

“నొక్కకుండా నొక్కానని ఎందుకన్నావయ్యా?”

“ఫైల్లో ఉంది కదా పాక్.”

“నీకు పెళ్లయిందని ఫైల్లో ఉంటే?”

అమ్మాయి పేరు కూడా రాసి ఉంటే సాయంత్రానికల్లా ఆమె గొంతు గుర్తుకొచ్చేదని లల్లోకి అనిపించింది. పాక్ వెళ్లేదాకా ఆగి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.