మీటరు ముల్లు

జ్వరమొచ్చిన వాళ్లను చూసినట్టు, పోచయ్య ఒక్కో కెపాసిటర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. ఫిల్మ్‌నగర్‌లోని ఆ స్టూడియోలో ఇరవై రెండేళ్లుగా అతను ఎలక్ట్రీషియన్. ఎడమచేతి రెండు వేళ్లు ఎప్పుడో కాలి వంకరపోయాయి.

సెట్టు వెనక నిలబెట్టే ఎల్ఈడీ గోడకు ఏసీని డీసీగా మార్చి కరెంటిచ్చే రెక్టిఫయర్లు మూడు ఫేజుల నుంచీ గుటకలు గుటకలుగా లాగుతాయి. అప్పట్లో వారానికో కేబుల్ కాలేది. పోచయ్య కెపాసిటర్లు బిగించి, అవి పేలకుండా ముందు చోకులనే తీగచుట్టలు పెట్టి, లాగిన కరెంటులో పనికొచ్చేదెంతో చెప్పే, పాయింట్ సెవెన్ ఉన్న పవర్ ఫ్యాక్టర్‌ను పాయింట్ నైన్ సిక్స్‌కు తెచ్చాడు. ఒకటి దాటి పోయేది ఎలాగూ లేదు. టైటిల్స్‌లో అతని పేరెప్పుడూ పడలేదు. ప్యానెల్ పక్క గోడకున్న, ఆ అంకె చూపే మీటరు అద్దాన్ని మాత్రం రోజూ తుడిచేవాడు.

ఆ రోజు సీనులో హీరో ఒకడి గొంతు కోసి, గుసగుసగా మాట్లాడాలి. వెంటనే మూడు బాంబులు పేలాలి. చోకుల మోత మైకులో పడుతోందని మేనేజర్ వరప్రసాద్ ఊగిపోతూ వచ్చాడు.

"చోకులు తప్పించి డైరెక్టుగా కలిపెయ్. ఒక్క షాటే కదా."

"చోకుల్లేకుంటే కెపాసిటర్లు పేల్తయ్ సార్. పక్కనే లైట్‌మెన్ నలుగురున్నరు."

వరప్రసాద్ లాగి చెంప మీద కొట్టాడు. పొద్దుట్నుంచీ అక్కడ అందరూ రిహార్సల్ చేసి కొట్టుకుంటున్నారు, దీనికి రిహార్సల్ లేదు. చెప్పింది చెయ్యకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు. బోరబండలో భార్య భూలక్ష్మి, కిరాయి ఇల్లు కళ్ల ముందు మెదిలాయి. పోచయ్య తన చేత్తోనే చోకులు తప్పించాడు. అది పిరికితనమే, అతనికీ తెలుసు.

టేక్ మొదలైంది. కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బాయి. టేక్ నడుస్తుండగా నోరెత్తకూడదన్నది ఇరవై రెండేళ్ల అలవాటు. పక్కకు పొమ్మని లైట్‌మెన్‌కు చేత్తో సైగ చేశాడు. వాళ్లు అర్థంకాక నవ్వారు. అరిస్తే బతికేవాడు. అరవలేదు, వాళ్లకు అడ్డంగా వెళ్లి మెయిన్ స్విచ్చు దించాడు.

అదే క్షణంలో కెపాసిటర్లు పేలి, ప్యానెల్ తలుపు ఊడి అతని ఛాతీలోకి దిగింది. ఎల్ఈడీ గోడ ఆరిపోయింది. బాంబుల పొగలో డైరెక్టర్ ఓకే అన్నాడు.

"మూడు కదా పెట్టింది, నాలుగు పేలాయేంటి?" అంది సౌండ్ రికార్డు చేసే మంజులత, హెడ్‌ఫోన్ తీసి.

లైట్‌మెన్ అతన్ని ఎత్తుకున్నారు. వాళ్ల చొక్కాలన్నీ నెత్తురయ్యాయి.

"మీకేం కాలె గద?" అన్నాడు పోచయ్య.

అంబులెన్సు జూబ్లీ హిల్స్ దాటకముందే అతను పోయాడు.

మర్నాడు వేరే లైను లాగి షూటింగ్ జరిపారు. పవర్ ఫ్యాక్టర్ మీటరు ముల్లుకు స్ప్రింగు ఉండదు. కరెంటు పోతే ఉన్నచోటే ఆగిపోతుంది. పగిలిన అద్దం వెనక అది ఇంకా పాయింట్ నైన్ సిక్స్ మీదే ఉంది.